చక్రాల ఇంటికి కరెంటు



ఈమధ్య మన ధర్మపురి, కృష్ణగిరి దారుల్లో అప్పుడప్పుడు ఒక కొత్తరకం బండి కనిపిస్తోంది. బయటికి వ్యానులాగో చిన్న బస్సులాగో ఉంటుంది. లోపల మాత్రం మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్జు, ఏసీ, స్నానాలగది అన్నీ ఉంటాయి. కేరవాన్ అంటున్నారు దాన్ని. బెంగుళూరు నుంచి హొగెనకల్‌కో ఏర్కాడుకో వెళ్ళే కుటుంబాలు అద్దెకు తీసుకుంటున్నాయి. దారిలో బంధువుల ఊరు తగిలితే ఆ రాత్రికి వాళ్ళ వాకిట్లోనే బండి ఆపుతారు. ఆపిన పది నిమిషాలకు ఇంటాయన్ని అడిగే మాట ఒకటే. "మామా, లోపలినుంచి ఒక వైరు ఇస్తారా?"

మామ కాదనడు. కిటికీలోంచి ఒక వైరు బయటికి వస్తుంది. ఈరోజు మీతో ముచ్చటించబోయేది ఆ వైరు గురించి. బండికీ కరెంటుకూ మన ప్రాంతంలో నూరేళ్ళకు పైబడిన సంబంధం ఉంది. ఆ కథ తెలిస్తే కిటికీలోంచి వైరు ఇవ్వడం ఎందుకు ప్రమాదమో దానంతట అదే అర్థమవుతుంది.

మన సరిహద్దు ప్రాంతానికి కరెంటు తొలుత వచ్చింది ఇళ్ళ కోసం కాదు, బంగారం కోసం. 1902లో మైసూరు సంస్థానంవారు కావేరి మీద శివసముద్రం దగ్గర కరెంటు పుట్టించి, సుమారు 147 కిలోమీటర్ల దూరం తీగల మీద కోలారు బంగారు గనులకు పంపారు. ఆనాటికి ప్రపంచంలోనే అంత పొడవైన లైన్లు చాలా తక్కువ. బెంగుళూరు వీధి దీపాలకు ఆ కరెంటు అందింది ఆ తరువాత, 1905లో. అంటే పక్కనున్న పట్నం కంటే ముందు గని వెలిగింది. గనిలో దిగిన కూలీలలో తెలుగువాళ్ళు, తమిళులు ఎందరో. ఈ గనుల సంగతి మనసులో పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి రావాలి.

మన వైపు మేట్టూరు ఆనకట్ట 1934లో పూర్తయింది. అక్కడి విద్యుత్ కేంద్రం 1937లో పనిచేయడం మొదలుపెట్టింది. అప్పటికి ధర్మపురి వేరే జిల్లా కాదు, సేలం జిల్లాలో ఒక భాగం. విడి జిల్లా అయింది 1965 అక్టోబరు 2న. దానిలోంచి కృష్ణగిరి 2004లో విడిపోయింది. పక్కనే కరెంటు పుడుతున్నా మన పల్లెల్లో ఆముదం దీపాలు, కిరసనాయిలు బుడ్లు చాలాకాలం వెలుగుతూనే ఉన్నాయి. పల్లెలకు స్తంభాలు విరివిగా వచ్చింది స్వాతంత్ర్యం తరువాత, ముఖ్యంగా కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో. విద్యుత్ బోర్డు ఏర్పడింది 1957లో. ఆ బోర్డు తరువాత ముక్కలై, పేర్లు మారి, కంపెనీలైనా మనవాళ్ళ నోట ఇప్పటికీ ఈబీ అనే మాటే నడుస్తోంది.

మరి స్తంభాలు రాకముందు ఊళ్ళో తొలి కరెంటు వెలుగు ఎక్కడినుంచి వచ్చింది? చాలా ఊళ్ళల్లో అది బండి మీదే వచ్చింది. సినిమా తెచ్చింది దాన్ని.

మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో స్థిరపడ్డ రఘుపతి వెంకయ్యగారు 1910లో ఒక ప్రొజెక్టరు తెప్పించి, మద్రాసులో చూపి, తరువాత ఊరూరా తిరిగి బొమ్మలు ఆడించారు. బర్మా, సింహళం దాకా వెళ్ళారు. అంతకు కొంచెం ముందే, 1905 ప్రాంతంలో, తిరుచ్చి రైల్వేలో గుమాస్తాగా ఉన్న స్వామిక్కన్ను విన్సెంట్ ఉద్యోగం వదిలి ఇదే పనిలో దిగారు. డేరా, ప్రొజెక్టరు, రీళ్ళు వెంటబెట్టుకుని తిరిగి చివరికి కోయంబత్తూరులో స్థిరపడ్డారు. వీళ్ళ దారినే తరువాత టూరింగ్ టాకీసులు వచ్చాయి. మీలో అరవై దాటినవాళ్ళకు చెప్పనక్కరలేదు. డేరా వెనక టకటకమంటూ ఆయిల్ ఇంజన్, దానికి బెల్టుతో కట్టిన డైనమో. ఆర్క్ దీపానికి కావలసిన డీసీ కరెంటు అక్కడే పుట్టేది, అక్కడే ఖర్చయ్యేది. ఊరి స్తంభంతో దానికి పని లేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ డేరాకు ప్రభుత్వం అజమాయిషీ పెట్టింది. 1955 నాటి మద్రాసు సినిమాల నియంత్రణ చట్టం కిందా, 1957 నాటి నిబంధనల కిందా టూరింగ్ టాకీసుకు లైసెన్సు కావాలంటే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇంజన్ ఎక్కడుండాలి, వైరు ఎలా లాగాలి అన్నీ చూసేవారు. పెళ్ళి పందిరికో, జాతర బండికో ఇచ్చే వైరుకు మాత్రం అంత జాగ్రత్త మనం ఎన్నడూ పడలేదు. నేటికీ పడటం లేదు. ఏ ఊరి తిరునాళ్ళకు వెళ్ళినా చూడండి, అతుకుల మీద అతుకులు వేసిన వైరు తడినేల మీద పాకుతూ ఉంటుంది.

చక్రాల మీద ఇల్లు అనే ఊహ తెలుగువాళ్ళకు కొత్త కాదు. 1982లో నందమూరి తారక రామారావుగారు పాత షెవ్రొలే వ్యానును చైతన్య రథంగా మార్చుకుని ఆంధ్రప్రదేశ్ అంతా తిరిగారు. నెలల తరబడి ఆ బండే ఆయనకు ఇల్లు, వేదిక, కార్యాలయం. అప్పట్లో దాన్ని రథం అన్నారు కనుక ఎవరికీ కేరవాన్ అని తోచలేదు గాని, చేసిన పని అదే. ఇక సొంత సరదాకు ఇలాంటి బండి కొనుక్కోవడం, అద్దెకు తీసుకోవడం నిన్నమొన్నటి మాట. కేరళ ప్రభుత్వం 2021లో కేరవాన్ పర్యాటకం అని ప్రత్యేకంగా మొదలుపెట్టింది.

సరే, ఇప్పుడు కిటికీలోంచి వచ్చిన వైరు దగ్గరికి వద్దాం.

బండికి రబ్బరు చక్రాలు ఉంటాయి. బండి ఒళ్ళంతా రేకు. రబ్బరు మీద నిలబడ్డ రేకు పెట్టెకు భూమితో సంబంధం లేదు. లోపల ఎక్కడో ఒక వైరు ఒరుసుకుని ఫేజు రేకుకు తగిలిందనుకోండి. బండి మొత్తం కరెంటు పట్టుకుని కూర్చుంటుంది. ఫ్యూజు పోదు. దీపం ఆరదు. లోపలున్నవాళ్ళకు ఏమీ తెలియదు, ఎందుకంటే వాళ్ళూ నేలకు తగలకుండా బండిలోనే ఉన్నారు. పొద్దున్నే తడి వాకిట్లో ఒట్టికాళ్ళతో వచ్చి, ఒక చెయ్యి బండి మెట్టు మీదో తలుపు పిడి మీదో వేసిన పిల్లవాడి ఒంట్లోంచి ఆ కరెంటు భూమిలోకి దిగుతుంది. పది మిల్లీ ఆంపియర్లు దాటితే చాలు, పట్టుకున్న చెయ్యి వదిలించుకోలేం. వాకిట్లో నీళ్ళు చల్లి ముగ్గు వేసే అలవాటు ఉన్న మన ఇళ్ళల్లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

దీనికి పాతకాలపు మందు ఎర్త్ వైరు. మన మూడు పిన్నుల ప్లగ్గు చూడండి. పై పిన్ను మిగతా రెండింటికంటే లావు, పొడవు. ఆ ఆకారం 1934 నాటి బ్రిటిష్ ప్రమాణం నుంచి వచ్చింది. ఇంగ్లండువాళ్ళు 1947లో చదరపు పిన్నులకు మారారు. మనం గుండ్రటి పిన్నులే ఉంచుకున్నాం. పై పిన్ను పొడవుగా ఎందుకుందంటే, ప్లగ్గు పెట్టేటప్పుడు కరెంటు కంటే ముందు ఎర్త్ తగలాలి, తీసేటప్పుడు అన్నిటికంటే చివర వదలాలి. ఎవరో ఒక పెద్దమనిషి ప్రాణం విలువ తెలిసి ఆలోచించిన ఏర్పాటు. మనమేమో ఎర్త్ పిన్ను విరిచేసి రెండు పిన్నుల సాకెట్టులో దోపుతాం. అగ్గిపుల్ల గుచ్చి నిలబెడతాం.

ఇంతకంటే చెడ్డ అలవాటు ఒకటుంది. ఇంట్లో ఎర్త్ లేకపోతే సాకెట్టు లోపల ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు ముడివేయడం. కొందరు వైర్‌మన్లే ఈ పని చేస్తారు, చేసి తెలివిగా చెప్పుకుంటారు కూడా. న్యూట్రల్ తీగ ఎక్కడైనా తెగిందంటే, గాలివానలో తెగడం మన ఊళ్ళల్లో వింతేం కాదు, ఆ ముడి ద్వారా బండి రేకంతా 230 వోల్టులు పట్టుకుంటుంది. ఏ లోపమూ లేని బండిని కూడా చంపే బండిగా మార్చే ముడి అది.

మంచి ఎర్త్ ఉంటే సరిపోతుందా అంటే, మన నేలలో చాలదు. ధర్మపురి నేల రాతినేల. రెండడుగులు తవ్వితే చాలాచోట్ల బండరాయి తగులుతుంది. ఎండాకాలంలో పైమట్టి పెళుసుబారిపోతుంది. అలాంటి నేల కరెంటును సులువుగా మింగదు. లెక్క చూడండి. ఎర్త్ గొయ్యి నిరోధం 100 ఓములు ఉందనుకుందాం. 230ని 100తో భాగిస్తే 2.3 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఫ్యూజు 2.3 ఆంపియర్లకు పోతుందా? పోదు. ఎర్త్ ఉంది, గొయ్యి ఉంది, బొగ్గు ఉప్పు పోశాం, అయినా బండి రేకు మీద కరెంటు అలాగే నిలిచి ఉంటుంది. తంజావూరు డెల్టా తడిమట్టిలో సాగిన పని మన గుట్టల మీద సాగదు. ఒక గొయ్యి చాలకపోతే కొంత దూరంలో రెండోది, మూడోది తీసి కలపాలి. వేసవిలో వాటికి నీళ్ళు పోస్తూ ఉండాలి. ఇంత చేసినా ఫ్యూజు మీద నమ్మకం పెట్టుకోకూడదు.

ఇక్కడే మళ్ళీ బంగారు గనులు కథలోకి వస్తాయి. ఈసారి కోలారు కాదు, దక్షిణాఫ్రికా. అక్కడి గనుల్లోనూ ఇదే చిక్కు. రాతి నేల, సరిగా అందని ఎర్త్, తడి చేతులు, ఇనుప యంత్రాలు. 1950లలో హెన్రీ రూబిన్ అనే ఇంజనీరు అక్కడ ఒక మీట తయారుచేశాడు. దాదాపు అదే కాలంలో ఆస్ట్రియాలో బీగెల్‌మయర్ అనే ఆయన కూడా ఇలాంటిదే చేశాడు. దాని కిటుకు మహా సులువు. ఫేజులో ఎంత కరెంటు వెళ్ళిందో న్యూట్రల్‌లో అంతా తిరిగి రావాలి. షావుకారు చిట్టా లాంటిది, జమా ఖర్చూ సరిపోవాలి. వెళ్ళినదానికంటే 30 మిల్లీ ఆంపియర్లు తక్కువగా తిరిగొచ్చిందంటే, ఆ తేడా ఎవరి ఒంట్లోంచో, ఏ రేకులోంచో భూమిలోకి దిగుతోందన్నమాట. వెంటనే, సెకనులో మూడో వంతు గడవకముందే, మీట పడిపోతుంది. మన దుకాణాల్లో దీన్ని ఆర్సీసీబీ అనీ, పాత అలవాటు కొద్దీ ఈఎల్‌సీబీ అనీ అడుగుతారు. మన 100 ఓముల గొయ్యి 2.3 ఆంపియర్లు మింగుతుంది కదా. ఫ్యూజుకు అది లెక్కలేనిది. ఈ మీటకు మాత్రం అది కావలసినదానికంటే డెబ్భైరెట్లు పైన. లోపం పుట్టిన క్షణానే కరెంటు తెగుతుంది, పిల్లవాడు మెట్టు మీద చెయ్యి వేయకముందే.

మన నిబంధనల్లో ఈ మీట చాలాకాలంగా పెద్ద కనెక్షన్లకే తప్పనిసరిగా ఉండేది. చిన్న ఇళ్ళు ఆ గీతకు బయటే ఉండిపోయాయి. అందుకే మన పల్లెల్లో ఎన్నో ఇళ్ళల్లో ఇది కనబడదు. నిబంధన అడిగినా అడక్కపోయినా, వాకిట్లో బండికి కరెంటు ఇచ్చేవాళ్ళు ఇది లేకుండా ఇవ్వకూడదని నా అభిప్రాయం. దాని ఖరీదు ఆ కేరవాన్ ఒక్కరోజు అద్దెలో చిన్న భాగం.

కరెంటు విషయంలో మన జిల్లా చూసిన ఒక సంగతి చెప్పక తప్పదు. 2023 మార్చిలో పాలక్కోడు దగ్గర మారండహళ్ళి పక్కన, పంట కోసం అక్రమంగా కరెంటు పెట్టిన కంచె తగిలి మూడు ఏనుగులు చనిపోయాయి. వాటితో ఉన్న రెండు గున్నలు మిగిలాయి. అంతకు ముందు ఏడాది, 2022 ఏప్రిల్‌లో, తంజావూరు దగ్గర కళిమేడులో దేవుడి రథం పైభాగం హైటెన్షన్ తీగకు తగిలి పదకొండు మంది పోయారు. ఒకటి కంచె, ఒకటి రథం. రెండుచోట్లా కరెంటు ఉండకూడని ఇనుములోకి వచ్చింది, నేల మీద నిలబడ్డ ప్రాణి దానికి దారి అయింది. వాకిట్లో ఆపిన బండి కూడా ఈ లెక్కలోదే. బండి ఆపే ముందు ఒకసారి తలెత్తి చూడండి. పైన తీగలు ఉంటే అక్కడ ఆపవద్దు. ఈ బండ్ల పైకప్పు మీద ఏసీ, సోలారు పలకలు ఉంటాయి, మామూలు వ్యాను కంటే ఎత్తు.

ఇక పని ఎలా చేయించాలో చెబుతాను. మీరు చేయాలని కాదు, చేసేవాణ్ణి అడగడానికి. లైసెన్సు ఉన్న వైర్‌మన్‌నే పిలవండి.

బండి కోసం మీటరు పెట్టె పక్కన మెయిన్ నుంచి విడిగా ఒక లైను తీయించాలి. వంటింటి సాకెట్టు నుంచి, బాత్రూము గీజరు నుంచి ఇవ్వకూడదు. ఆ లైనుకు 16 ఆంపియర్ల ఎంసీబీ, దానితో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ పెట్టించండి. ఫేజునూ న్యూట్రల్‌నూ రెండింటినీ తెంచే రకం తీసుకోండి. బయట గోడకు వాన తగలని మూతతో ఇండస్ట్రియల్ సాకెట్టు బిగించమనండి. నీలం రంగుది, మూడు కడ్డీలది. ఐరోపాలో కేరవాన్ బండ్లకు వాడేది ఇదే రకం. నీలం అంటే 230 వోల్టులని గుర్తు. ఎర్రది మూడు ఫేజులది, దాని జోలికి పోవద్దు. మామూలు సాకెట్టుకు ప్లాస్టిక్ సంచీ చుట్టి వానలో పెట్టడం వద్దే వద్దు.

16 ఆంపియర్లంటే సుమారు 3,600 వాట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ ఏడు ఆంపియర్ల దాకా లాగుతుంది, ఇండక్షన్ పొయ్యి తొమ్మిది దాకా. ఈ రెండూ కలిస్తేనే నిండిపోయింది. గీజరు వేయాలంటే పొయ్యి ఆపాలి. అక్క వంట చేస్తుంటే బావగారు స్నానానికి ఆగాలన్నమాట. మీట పదేపదే పడిపోతోందని 32 ఆంపియర్లది మార్చి పెడితే మీట పడదు, వైరు కాలుతుంది. పాత ఫ్యూజు ఉన్న ఇళ్ళల్లో పోయిన ఫ్యూజుకు బదులు లావు రాగి తీగ చుట్టడం కూడా ఇదే పని.

బండి వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది, రబ్బరు తొడుగుది, మూడు తీగలు ఉన్నది కావాలి. పాతిక మీటర్లు దాటకుండా చూసుకోండి. మధ్యలో అతుకు ఉండకూడదు. చక్రానికి చుట్టిన వైరైతే మొత్తం విప్పి పరచాలి. సగం చుట్టి ఉంచి ఏసీ నడిపితే చుట్టలోని వేడి బయటికి పోలేక తొడుగు కరుగుతుంది. దారిలో బండ్లు తొక్కకుండా, ఆవులు కొరక్కుండా చూడాలి.

అంతా అయ్యాక వైర్‌మన్ టెస్టరు పెట్టి దీపం చూపించి "అయిపోయిందండీ" అంటాడు. ఆ టెస్టరు దీపం ఫేజు ఎక్కడుందో చెబుతుంది గాని ఎర్త్ సంగతి చెప్పదు. ఎర్త్ టెస్టరుతో కొలిచి చూపమనండి. ఆర్సీసీబీ మీద టీ అని రాసి ఒక చిన్న బొత్తాం ఉంటుంది. అది నొక్కితే మీట పడాలి. పడకపోతే అది అలంకారానికి ఉన్నట్టు. బండి వచ్చిన ప్రతిసారీ నొక్కి చూడండి.

తెలుగువాళ్ళ పిల్లలు అమెరికాలో చాలామంది ఉన్నారు కనుక ఒకమాట. అక్కడ ఈ బండ్లు ఎన్నో ఇళ్ళ ముందు ఉంటాయి. వాళ్ళ బండికి 30 ఆంపియర్ల సాకెట్టు ఉంటుంది, మూడు పిన్నులది, 120 వోల్టులది. బట్టలు ఆరబెట్టే యంత్రానికి కూడా 30 ఆంపియర్లదే వస్తుంది, అది 240 వోల్టులది. బండి గురించి తెలియని ఎలక్ట్రీషియన్ దీన్నీ ఆ యంత్రం సాకెట్టే అనుకుని 240 ఇచ్చేస్తాడు. తొలిసారి ప్లగ్గు పెట్టగానే బండిలోని సామాను కాలిపోతుంది. మీ అబ్బాయి అక్కడ అలాంటి పని చేయిస్తుంటే, బండి తగిలించేముందు సాకెట్టులో వోల్టులు కొలిచి చూడమని ఫోనులో చెప్పండి.

మన దగ్గర ఇప్పుడు బండికి కరెంటు అంటే కేరవాన్ ఒక్కటే కాదు. హోసూరులోనూ, కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలోనూ కరెంటు స్కూటర్లు తయారవుతున్నాయి. వాటిని ఇంట్లోనే చార్జి చేసుకుంటున్నాం. చెప్పిన జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి. ఎర్త్ సరిగా లేకపోతే కొన్ని చార్జర్లు పనిచేయనని మొరాయిస్తాయి. అది చార్జరు లోపం అనుకుని ఎర్త్‌ను న్యూట్రల్‌కు ముడివేసి దాన్ని మోసం చేయవద్దు.

ఇంకొకటి. కొన్ని కేరవాన్లలో జనరేటరు ఉంటుంది. కరెంటు పోయినప్పుడు దాన్నుంచి ఇంటికి కరెంటు ఇద్దామని రెండువైపులా పిన్నులున్న వైరు చేసి సాకెట్టులో పెడతారు కొందరు. ఆ కరెంటు మీటరు దాటి, స్తంభం దాటి, ట్రాన్స్‌ఫార్మరులో వెనక్కి ఎక్కి వేల వోల్టులవుతుంది. లైను ఆపేశామనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ చేతికి అది తగులుతుంది. జనరేటరు వాడాలంటే చేంజోవర్ స్విచ్ ఉండాల్సిందే.

చివరగా తగిలించే వరస. ముందు బండి వైపు ప్లగ్గు పెట్టండి, తరువాత గోడ వైపు, ఆ తరువాతే మీట వేయండి. బయలుదేరేటప్పుడు ముందు మీట ఆపి, గోడ వైపు తీసి, చివర బండి వైపు తీయాలి. అప్పుడు కరెంటున్న కొస ఎవరి చేతిలోనూ ఉండదు. వైరు చుట్టి బండిలో పెట్టాక డ్రైవరుకు ఒక కేక వేయండి. వైరు తగిలించి ఉండగానే బండి కదిలితే గోడ సాకెట్టు ఊడి వెంట వస్తుంది.